పలకలు రాలిన గోడ

ఆ రోజుల్లో ఇస్తాంబుల్‌లో అందరికీ కళ్లద్దాలుండేవి. వాటిలోంచి చూస్తే పాత కట్టడాలన్నీ కట్టిన రోజున ఉన్నట్టే కనిపించేవి. నెజ్లా మాత్రం వాటిని ఎన్నడూ పెట్టుకోలేదు. కొండమీద సుల్తాను కట్టించిన పెద్ద మసీదు గోడలకు, వయసులో ఉన్నప్పుడు, ఊడిన, తులిప్ పూలు చిత్రించిన నీలి పలకలను తిరిగి అతికించిన మనిషి ఆమె. చాలా ఏళ్ల తర్వాత కూతురు సెవిమ్ ఆమెను అక్కడికి తీసుకెళ్లింది.

గుమ్మటం కింద నిలబడి నెజ్లా అడిగింది. "పలకలేవే?"

"ఎదురుగానే ఉన్నాయి కదమ్మా! గోడ నిండా తులిప్ పూలు."

నెజ్లా వెళ్లి గోడమీద చెయ్యి వేసింది. తల్లి వేళ్లు పూలలోకి దిగిపోవడం చూసి సెవిమ్ గబుక్కున అద్దాలు తీసేసింది. ఎదురుగా బోసి సున్నపు గోడ.

"ఎప్పుడో రాలిపోయాయి పెద్దమ్మా," అన్నాడు పక్కనే నిలబడ్డ మసీదు కాపలాదారు. "అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి కదా అని మళ్లీ ఎవరూ పెట్టించలేదు."

"ఒక్కరైనా కబురు చేస్తే నేనొచ్చేదాన్ని కదయ్యా. అప్పటికింకా నా చేతులు వణికేవి కావు."

"నేను ప్రతి శుక్రవారం ఇక్కడే నమాజు చేశానమ్మా," అంది సెవిమ్ నెమ్మదిగా.

తల్లి తన వేళ్లకంటిన సున్నాన్ని రుమాలుతో తుడుచుకుంటూ ఉండిపోయింది.