ప్రైమరీ కాంటాక్టు

మ్యూట్ నొక్కి మేనేజరు లేచాడు.

వంటింట్లో గిన్నె జారిపడ్డ చప్పుడు మీటింగులో అందరికీ వినబడింది. అదీ నేరం. ఆయనకి పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. పై సగం ఆఫీసుకి, కింది సగం ఇంటికి. బుద్ధి మాత్రం పూర్తిగా కింది సగమే.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నేను మాట్లాడుతుంటే ఇంట్లో గాలి కూడా ఆడకూడదు!"

భార్య జుట్టు పట్టి లాగాడు. చెంప పగలగొట్టాడు. గోడకి అదిమి, మెడ మీద రెండు చేతులూ వేశాడు. లోకమంతా భౌతిక దూరం పాటిస్తుంటే ఈ మహానుభావుడు భౌతిక దాడి పాటిస్తున్నాడు. ఆవిడకి కళ్ళు బైర్లు కమ్మాక వదిలి, చొక్కా మడతలు సర్దుకుని, వచ్చి కూర్చుని మ్యూట్ తీశాడు.

"సారీ అండీ, సిగ్నల్ పోయింది."

పోయింది సిగ్నల్ కాదు, సిగ్గు. అదీ ఎప్పుడో పోయింది.

"ఏం చెప్తున్నాను? ఆఁ... ఈ కష్టకాలంలో మనమందరం పాజిటివ్‌గా ఉండాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. మీటింగు ముగిసింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

మేనేజరు మునివేళ్ళ మీద తలుపు దాకా వెళ్ళాడు. కిందటి వారం ఇలాగే మోగితే గుమ్మంలో కానిస్టేబులు. పై వాటా పిన్నిగారు ఫోన్ చేసిందట. "బాత్రూంలో జారిందండీ" అని ఈయన నవ్వాడు. ఈయన పక్కనే నిలబడి చూస్తుంటే భార్య అవునన్నట్టు తలూపింది. సాక్ష్యం లేదని కానిస్టేబులు వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగీ దిగగానే ఆవిడ మళ్ళీ 'జారింది'.

తలుపు సందులోంచి చూసి మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. పోలీసులు కాదు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే నర్సు. వెనకాల తల నుంచి కాళ్ళ దాకా తెల్లసూటులో మునిగిపోయిన మనిషి, చేతిలో మందు పెట్టె.

"అందరం బాగున్నామండీ" అని తలుపు వేయబోయాడు.

"ఆ సంగతి నేను చెప్పాలి" అంది నర్సు, గడప లోపల కాలు పెట్టి. "అమ్మగారిని పిలవండి."

ఆవిడ వచ్చింది, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని. నర్సు ఆ తువ్వాలు వైపు చూసింది. థర్మామీటరు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. దాన్ని ఆవిడ నుదుటికి గురిపెట్టి, "అమ్మో, కాలిపోతోంది!" అంది.

మేనేజరు ఒక్క గంతులో సోఫా వెనక తేలాడు.

"తీసుకెళ్ళిపోండి దాన్ని! ఇంకా చూస్తారేంటి? నాకంటుకుంటే? ముందు నాకు మందివ్వండి!"

"మీకెందుకండీ? ఉన్న మందు ప్రైమరీ కాంటాక్టులకే, అంటే రోగిని తాకినవాళ్ళకే చాలట్లేదు. మీరు తాకలేదుగా?"

"తాకాను! ఇందాకే తాకాను!"

"ఏదో చెయ్యి తగిలుంటుంది. అది లెక్కలోకి రాదులెండి." నర్సు వెనక్కి తిరిగింది.

"తగలడం కాదమ్మా! చెంప మీద..."

"నిమిరారా?"

"కొట్టాను!"

"మెల్లగా కొడితే అంటదండీ."

"మెల్లగా ఏంటి? వేళ్ళు తేలాయి, కావాలంటే చూడండి!" ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టు చూపించినట్టు భార్య చెంప చూపించాడు.

"ఒక్క దెబ్బకి ఇవ్వలేనండీ. మీకంటే అవసరమైనవాళ్ళు చాలామంది ఉన్నారు."

"ఒక్కటా!" మేనేజరుకి నిజంగానే అవమానమనిపించింది. "మెడ పట్టుకున్నాను. రెండు చేతులతో. ఊపిరాడనంత గట్టిగా!"

"ముఖానికి ముఖం దగ్గరగానా?"

"ఇంత దగ్గరగా!"

"ఈ ఒక్కరోజేనా?"

"రోజూనండీ బాబూ! అడగండి దాన్ని. చెప్పవే! లాక్‌డౌన్ పెట్టినప్పట్నుంచీ ఒక్కరోజైనా మానానేమో చెప్పవే!"

మెట్ల మీద పిన్నిగారు నోరు నొక్కుకుంది. ఎదురు వాటా తలుపు బార్లా తెరుచుకుంది. మేనేజరుకి ఎవరూ కనబడట్లేదు, మందు పెట్టె తప్ప.

ఆవిడ ఈసారి తలూపలేదు. మెడ మీది తువ్వాలు తీసేసి, నోరారా చెప్పింది.

"నిజమేనండీ. ఒక్కరోజు కూడా మానలేదు."

"విన్నారా? ఇక ఇవ్వండి మందు!" అని మేనేజరు రెండు చేతులూ ముందుకు చాపాడు.

తెల్లసూటు మనిషి మందు పెట్టె కింద పెట్టింది. మెడ దగ్గరి జిప్పు సర్రున కిందికి లాగింది.

"చేతులు అలాగే ఉంచండి సార్" అంది మహిళా ఎస్సై, లోపలి ఖాకీ నడుముకున్న బేడీలు తీస్తూ.