వెయ్యేసి చొప్పున

“కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది నాన్నా!”

ఆసుపత్రి రికార్డుల గదిలో కూతురు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తొమ్మిది లక్షల మంది రోగుల వివరాలవి. ఒకే మనిషి పేరు రెండుసార్లు ఎక్కితే పట్టుకుని కలపాలి. లేదంటే ఒకరి మందుల చీటీ సగం ఒకచోట, సగం ఇంకోచోట ఉండిపోతుంది.

తండ్రి కళ్లజోడు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లు ఇలాంటి పనే చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆర్నెల్లుగా కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలంటూ కూతురూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి, “ఈ పని నా వల్ల కావట్లేదు, ఒక్కసారి రా” అని బతిమాలి ఇవాళ లాక్కొచ్చింది.

“మొత్తం ఒకేసారి అడిగావా?”

“అడిగాను.”

“కుండెడన్నం ఒక్క ముద్ద చేసి కుక్కితే ఎవరికైనా పొలమారదుటే? ముందు వెయ్యి అడుగు. అవి చూసేశాక, ఆఖరి నంబరు గుర్తుపెట్టుకుని ఆ తర్వాతి వెయ్యి అడుగు.”

వెయ్యి వచ్చాయి. ఆ వెనకే ఇంకో వెయ్యి.

“అబ్బ! నాకు తట్టనేలేదు.”

“నీకు ఉద్యోగమెవరిచ్చారే తల్లీ?”

కూతురు పకపకా నవ్వింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ వచ్చేవారు. వెయ్యేసి చొప్పున తెర మీదికి తెచ్చుకుని, పుట్టిన తేదీలు, చిరునామాలు సరిచూసేవారు. తండ్రి వేళాకోళాలకు పక్క గదివాళ్లు కూడా చెవులప్పగించేవారు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కూతురు టీకి వెళ్లినప్పుడు రికార్డుల అధికారిణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“ఇంక దాచలేనండీ. ఈ పని మీ అమ్మాయి నిరుడే పూర్తిచేసింది. మీరు చూస్తున్నది పాత కాపీ. మిమ్మల్ని కాస్త బయటికి తీసుకురావాలని నన్ను బతిమాలింది.”

“మొదటి రోజే తెలిసిందమ్మా. ఫైలు పేరే ‘పాతది’. మా పిల్లకి అబద్ధం ఆడడం కూడా సరిగా రాదు.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకొస్తున్నారు?”

వరండాలో కూతురు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆయన గొంతు తగ్గించాడు.

“నేను రానంటే అది ఇల్లు కదలదు.”