వెనక సీటు

రఘుపతి బొగ్గుబావిలో ఫస్టు షిఫ్టు ముగించుకొని క్వార్టర్‌కు వచ్చేసరికి, కొడుకు స్పోర్ట్స్ కారు వెనక సీటు వాకిట్లో పడి ఉంది.

"ఏందిరా ఇది?"

"చెన్నైల రేసు ట్రాక్ మీద నడపాలె గద బాపు," అన్నాడు వేణుమాధవ్, చేతిలో స్పానర్‌తో. "ఉన్న పైసలన్నీ బ్రేకులకు, టైర్లకే అయిపోయినయి. బరువు తీసేస్తే స్పీడు పెరుగుతది. దానికి ఖర్చుండది."

"స్పీడు! నిన్ను కన్న అవ్వను దవాఖానకు తీస్కపోయిన సీటురా అది! కరీంనగర్ చేరకముందే దాని మీదనే పాణం ఇడిసింది. నీకు సిగ్గున్నదా?"

రఘుపతి టిఫిన్ డబ్బా విసిరికొట్టాడు. మూత ఊడి వాకిలంతా దొర్లింది.

"మళ్ల బిగించు. లేకుంటే కారుకు నిప్పు పెడత!"

"బిగించ!" వేణుమాధవ్ గొంతు కూడా లేచింది. "ఆ దినం నువ్వు డ్యూటీల ఉన్నవ్ బాపు. బొగ్గు లారీలకు రోడ్డంత గుంతలు. బండి ఎగిరినప్పుడల్లా అవ్వ ఆ సీట్లకెల్లి 'మెల్లగ పో కొడుకా, మెల్లగ పో' అని మొత్తుకున్నది."

అతను స్పానర్‌ను సీటు మీదికి విసిరేశాడు.

"మెల్లగ పోయిన."