రెండు పేటల బేగెల్

సంచిలో రెండు చొక్కాలు పెట్టింది డ్వోషా. వాటి మీద ఉన్ని మేజోళ్లు. ఆ పైన తాడుకు గుచ్చిన బేగెల్ల దండ, గాజుల్లా నడుమ చిల్లున్న రొట్టెలు. మరిగే నీళ్లలో వేసి తీసి, బట్టీలో కాల్చి, మళ్లీ గట్టిగా ఎండబెట్టినవి. ఎంత దూరం మోసుకెళ్లినా బూజు పట్టవు.

పెట్టినవన్నీ తీసింది. మళ్లీ పెట్టింది. చేతులు ఊరుకోవడం లేదు.

చీకటి పడగానే ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఇల్లు వదిలి, యుద్ధానికి ఎడంగా తూర్పుకు వెళ్లిపోవాలి. పని నేర్చుకుంటానని క్రాకోవ్ వెళ్లినవాడు, యుద్ధం రాగానే రష్యాతో పోరాడే అక్కడి చక్రవర్తి పటాలంలో చిక్కుకున్నాడు. చలికాలం మొదట్లో తప్పించుకుని ఇంటికొచ్చి పడ్డాడు. అప్పటినుంచి పిండి బస్తాల వెనకే కాపురం. ఊళ్లో ఉన్నదేమో రష్యా సైన్యం. దొరికితే గూఢచారి అంటారు. గూఢచారికి విచారణ ఉండదు.

ఆ పొద్దునే, కిటికీలకు అద్దాలు బిగించే హెర్ష్‌ను సంతవీధిలో కొరడాలతో కొట్టారు. వీపు చీలి ఎముక బయటపడింది. క్రాకోవ్ నుంచి వచ్చినవాడు ఒకడు ఈ రొట్టెల బట్టీ ఇంట్లో ఉన్నాడని చెప్పేశాడు. పేరు చెప్పేలోపు ప్రాణం పోయింది. శవం మీద పడి ఏడుస్తున్న పెళ్లాన్ని కూడా తుపాకీ మడమతో మోదారు. మధ్యాహ్నానికి వీధంతా ఖాళీ అయింది. పోతూ పోతూ పొరుగావిడ కిటికీలోంచి ఈ సంగతి చెప్పి పోయింది. బాటల మీద పహరా ఉంది. చీకటి పడేదాకా ఆగక తప్పదు.

చిన్నవాడు జెలిక్ పిండి చేతులతోనే దండ ఎత్తి చూశాడు.

"ఇవి బేగెల్లా, గులకరాళ్లా అమ్మా? క్రాకోవ్‌లోలాగా రెండు పేటలు పేని చుడితే రాజుగారైనా వీధిలో నిలబడి తింటాడట."

"ఆ మెలికలు ఆడాళ్ల జడలకు పెట్టుకో," అన్నాడు అన్న నాహుమ్. "బేగెల్ అంటే మనదే. ఒకటే పేట, చేతి చుట్టూ ఒకటే చుట్టు."

"నీకు నాలుక లేదన్నయ్యా. ఉన్న కాస్తా అమ్మ వేసే ఉప్పుకి మొద్దుబారింది."

చలికాలమంతా ఇదే తగువు. బట్టీ దగ్గర ఒకరికొకరు చుట్టి చూపించుకునేవాళ్లు. ఓడినవాడి వీపు మీద పిండిచెయ్యి అచ్చుపడేలా చరిచేవాళ్లు. డ్వోషా ఇద్దర్నీ కసిరేది. ఇవాళ కసరలేదు.

తలుపు గొడ్డలి దెబ్బకు నిలువునా చీలింది.

ఆరుగురు సైనికులు, ముందు ఓ హవల్దారు. ఎవరినీ ఏమీ అడగకుండానే ఒకడు తుపాకీ మడమతో నాహుమ్ మూతి పగలగొట్టాడు. రెండు పళ్లు పిండిలో పడ్డాయి. అడ్డం వెళ్లిన జెలిక్‌ను కింద పడేసి డొక్కలో తన్నారు. ఇద్దరూ తన కొడుకులేనని, ఏనాడూ ఇల్లు కదలలేదని డ్వోషా కాళ్లు పట్టుకుంది. కాగితాలు చూపించబోతే హవల్దారు లాక్కుని బట్టీలోకి విసిరాడు. కాగితాలు ఎలా కొనుక్కుంటారో తనకు తెలుసన్నాడు.

"ఈ ఊళ్లో ప్రతి ముసలమ్మా నాకు కొడుకుల్నే చూపిస్తోంది. ఒక్కర్తీ పరాయివాణ్ణి చూపించదు. ఇన్ని కాన్పులెప్పుడయ్యాయే మీకు?"

సైనికులు నవ్వారు. హవల్దారు నవ్వలేదు. బల్ల మీది పిండి ముద్దను వేలితో పొడిచి చూశాడు. తన ఊరు స్మోర్గోన్ అన్నాడు. అక్కడి బేగెల్లు వేలికి పట్టేంతే ఉంటాయట, దండలు దండలుగా అమ్ముతారట. తన పాలపళ్లన్నీ వాటిని కొరికే ఊడాయట. చుట్టిన తీరు చూస్తే చాలు, ఎవడిది ఏ ఊరో చెప్పగలడట.

ఇద్దరి ముందూ చెరో ముద్ద పడేశాడు. ఇద్దరి మెడల మీదా తుపాకులు ఆనాయి. మరొకడు డ్వోషా మణికట్టు పట్టుకుని, మరుగుతున్న నీళ్ల కాగు మీదికి చెయ్యి వంచాడు.

"ఇద్దరూ ఒక్కలాగే చుట్టారా, ముందు ఈవిడ చెయ్యి ఉడుకుతుంది. తర్వాత ఇద్దర్నీ గోడకు నిలబెట్టి కాల్చేస్తా. కానివ్వండి."

ముందు నాహుమ్ వీపులో తుపాకీ గొట్టంతో పొడిచారు. అతను నెత్తురు ఉమ్మి ముద్ద అందుకున్నాడు. సాగదీశాడు. ఒకటే పేట. చేతి చుట్టూ తిప్పి, కలిసిన చోట అరచేత్తో బల్లకు అదిమాడు. ఆ ఊరి బేగెల్ ఆ ఊరి బేగెల్‌లాగే వచ్చింది.

జెలిక్ వంతు.

ఆవిరికి బొబ్బలెక్కుతున్న తల్లి చేతిని చూశాడు. కత్తి తీసుకుని ముద్దను రెండుగా కోశాడు. రెండు పేటలు సన్నగా సాగదీశాడు. ఒకదాని మీదుగా ఒకటి పేని, కొసలు కలిపాడు. మెలిక ఎక్కడా తప్పలేదు.

హవల్దారు దాన్ని వేలికి తగిలించుకుని పైకెత్తాడు.

"నోరు అబద్ధమాడుతుంది. చేతులు ఆడవు."

జుట్టు పట్టుకుని జెలిక్‌ను పెరట్లోకి ఈడ్చారు. నాహుమ్ కాదు కాదని అరవబోయాడు. డ్వోషా చెయ్యి విడిపించుకుని అతని మీద పడింది. రెండు చేతులతో నోరు మూసింది. అతను కొరికాడు. కాలిన తోలు ఊడి వచ్చింది. అయినా వదల్లేదు.

"నోరెత్తకు. నా మీద ఒట్టు, నోరెత్తకు."

పెరట్లో తుపాకీ పేలింది. మొదటి గుండుకి ప్రాణం పోలేదు. రెండో గుండు దండగ ఎందుకని తుపాకుల చివరి కత్తులతో పొడిచారు. చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె నాహుమ్ నోరు మూసే ఉంచింది.

పుట్టిన నాటి నుంచి ఆ ఊరి పొలిమేర దాటి ఎరగని జెలిక్, 1915లో యూదుల పస్కా పండుగకు ముందు గురువారం, పెరట్లోకి వెళ్లి మరి తిరిగి రాలేదు.