కుంటి తాళం

పదిహేనేళ్లు మిసిసిపీ కరకట్టల కూలీల మధ్య గిటారు వాయిస్తే, ఈజెల్ పేరు మీద వచ్చింది ఒకే ఒక్క రికార్డు. పాట తమ్ముడు లోంజో మీద. కట్ట పనికెళ్లిన లోంజో తిరిగి రాలేదు. షికాగో పారిపోయాడన్నాడు దొర. షెరీఫు అదే రాసుకున్నాడు. నల్లవాడు కనపడకపోతే వీళ్లకి షికాగోయే గుర్తొస్తుంది! ఈజెల్ నమ్మలేదు; చచ్చిన కూలీలను ఆ కట్ట మట్టిలోనే కప్పెట్టేస్తారని విన్నాడు. అమ్మ నమ్మింది. రోజూ లోంజో వంతు రొట్టె దాస్తూనే ఉంది.

రికార్డు ఇంటికి తెచ్చిన రాత్రి, కరకట్టకు వీపు ఆనించిన తమ ఇంట్లో ఈజెల్ దాన్ని గ్రామఫోనులో అమ్మకు వినిపించాడు. పాట మధ్యలో తాళం మొదలైంది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ.

"కాలితో భలే వేశావురా తాళం!" అంది అమ్మ.

"నేను కాదమ్మా. చప్పుడొద్దని రికార్డింగువాళ్లు నా కాలికింద దిండు పెట్టారు."

అమ్మ చెవి ఒగ్గింది. కంచరగాడిద తన్నినప్పటి నుంచీ లోంజో నడక అదే.

"వాడేరా! చచ్చాడన్నావుగా సన్నాసీ?"

ఈజెల్ చప్పున ముల్లు ఎత్తేశాడు. పాట ఆగింది. తాళం ఆగలేదు.

"వచ్చేశాడు! ఆ రొట్టె వెచ్చబెట్టు," అంటూ అమ్మ వీధి తలుపు తీసింది. వాకిట్లో వెన్నెల తప్ప ఎవరూ లేరు.

ఈజెల్ వెనక గోడ మీద చెయ్యి వేశాడు. ఒక్కో అడుగుకీ గోడ అదురుతోంది. గోడ అవతల ఉన్నది కరకట్ట మట్టి.

"అమ్మా, పిలవకు."

"ఎందుకు పిలవనురా? లోంజో! లోపలికి రా నాయనా!"

గోడ అవతల అడుగులు జోరందుకున్నాయి.