మగవాళ్ళు తాడుకి అవతల

బందరులో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. గిరిధర్‌కి కుర్చీలు మోసే డ్యూటీ వేశారు.

గిరిధర్ స్టాఫ్ నర్సు. గుడివాడ కుర్రాడు. క్యాన్సర్ వార్డులో మూడేళ్ళు చేసి వచ్చాడు. ఏ గడ్డకి ఏ పరీక్షో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అయితేనేం, మగాడు. ఆక్సిజన్ సిలిండర్ దొర్లించాలన్నా, తాగొచ్చినవాణ్ణి మంచానికి అదిమి పట్టాలన్నా అందరికీ గిరిధరే కావాలి. ఆడవాళ్ళ వార్డు గుమ్మం తొక్కితే మాత్రం పాము దూరినట్టు చూస్తారు. పేషెంట్లకి ఈ గొడవ పట్టదు. సూది పట్టుకున్న ప్రతివాళ్ళూ వాళ్ళకి సిస్టరే, మీసం ఉన్నా సరే.

"నువ్వు బయట కూచుని పేర్లు రాసుకో. మగవాళ్ళని తాడు దాటనివ్వకు" అంది హెడ్ నర్సు లక్ష్మీకాంతం.

"నేనూ మగాణ్ణే కదండీ."

"అందుకే నీ కుర్చీ తాడుకి అవతల వేయించాను."

పన్నెండు దాటింది. విజయవాడ నుంచి వచ్చిన డాక్టరు సుప్రజ ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. అప్పుడు మంగినపూడి ఆటోలోంచి ఓ జంట దిగింది. ముందు భార్య. చేపలమ్మే మనిషని గొంతులోనే తెలిసిపోతోంది. వెనక మొగుడు. సముద్రం మీద వేటకెళ్ళే ఆరడుగుల మనిషి. చేతులు రెండూ గుండెల మీద గట్టిగా కట్టుకుని నిలబడ్డాడు.

కాపలాకొచ్చాడు మహానుభావుడు, అనుకున్నాడు గిరిధర్. ఇలాంటి మొగుళ్ళంటే అతనికి ఒళ్ళు మంట.

వివరాలు అడిగితే ఆవిడ గడగడా చెప్పేసింది. నాలుగు నెలల నుంచి గడ్డ ఉందట. కుడివైపు, చింతపిక్కంత. నొప్పి లేదు. నవ్వుతారని ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు.

నొప్పి లేదనేసరికి గిరిధర్ పెన్ను ఆగింది. అలాంటి గడ్డలు ఎక్కడిదాకా తీసుకెళ్తాయో వార్డులో చూశాడు. భయం వేసింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారమ్మా?"

"ఇంట్లో ఒప్పుకుంటేగా బాబూ. సిగ్గంట. రేపు బోటు బయల్దేరితే మళ్ళీ పది రోజులు. అందుకే ఇయ్యాల పోట్లాడి మరీ వచ్చాం."

గిరిధర్ మొగుడివైపు కొరకొరా చూశాడు.

"పేరు?"

అంతవరకూ బజారు దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి టక్కున ఆగిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని మొగుడి వంక చూసింది. మొగుడు నోరు తెరిచాడు.

గిరిధర్‌కి తిక్క రేగింది. "మీరు ఆగండి. పేరు చెప్పడానిక్కూడా మీ పర్మిషన్ కావాలా? ఆవిడే చెప్తారు."

"నా పేరా?" అందావిడ తెల్లబోయి. "పెద్దింట్లమ్మండి. కానీ బాబూ..."

కానీ లేదు, గీనీ లేదన్నాడు. రాసేశాడు. అర్జెంటు, ముందు ఈవిణ్ణి చూడండని లోపలికి కేకేశాడు. ఆయా వచ్చి పెద్దింట్లమ్మ రెక్క పట్టుకుని తెర వెనక్కి లాక్కుపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది గానీ ఆయా ఎవరి మాటా వినే రకం కాదు.

మొగుడు తాడు దాకా వచ్చి నసిగాడు. గిరిధర్ బోర్డు చూపించాడు. మహిళలకు మాత్రమే అని చదివి వినిపించాడు కూడా. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఐదు నిమిషాలు క్లాసు పీకాడు. ఆవిణ్ణి తను చూసుకుంటానని, ఇంటికెళ్ళి వలలు సర్దుకోమని చెప్పాడు.

"అయితే వెళ్ళిపోవచ్చాండీ?" అన్నాడు ఆ మనిషి ఆశగా. మాట మారుస్తారేమోనన్నట్టు గబగబా వెళ్ళి ఆటో ఎక్కేశాడు.

గిరిధర్‌కి పట్టలేనంత సంతోషం వేసింది. కుర్చీలు మోయించినా సరే, ఇవాళ తను ఒక ప్రాణం కాపాడాడు. ఆ మాట లక్ష్మీకాంతం గారికి ఎలా వినిపించాలా అని ఆలోచిస్తూ టీ తెప్పించుకున్నాడు.

ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా తెర తొలగించుకుని పెద్దింట్లమ్మ పరుగున వచ్చింది. తాడు దగ్గర ఆగి అటూ ఇటూ వెతికింది.

"నాకేం లేదంట గానీ సిస్టరు గారూ, గడ్డున్న మా ఆయన్ని బేగి తీసుకురమ్మంటన్నారు డాక్టరమ్మ, ఏడండీ?"