రెండో చరణానికి ముందు

చనిపోయినవాళ్ల గొంతును ఏఐతో పాడించడం సైన్సా, పాపమా అని చీపురుపల్లి చర్చి వాట్సాప్ గ్రూపులో వారంగా గొడవ. ఆ సాయంత్రం సంజయ్ ఏకంగా తన పెదనాన్న గొంతుతో కీర్తన చేసి పెట్టాడు. ఆయన పోయి ఏడాది. చర్చిలో ఒంటరిగా చాపలు చుడుతున్న ఆయన కూతురు దేవమణి అది విని మండిపడింది. వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టింది.

“ఒరే సంజయ్, ఇది మా నాన్న కాదురా. రెండో సరణం ఎత్తుకునే ముందు నాన్న రెండుసార్లు దగ్గీవోడు. నీ మిషన్‌కి ఏటి తెలుస్తాది?”

ఫోన్ స్విచ్చాఫ్ చేసింది. ఫ్యాను, లైటు ఆపింది. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

వెనక, నాన్న ఎప్పుడూ కూర్చునే గోడవార, ఎవరో రెండుసార్లు దగ్గారు.

దేవమణి తిరిగి చూడలేదు. రెండో చరణం మొదలు కాకూడదని ప్రార్థించింది.